మందు దిగేదాకా

పేరయ్య మళ్లీ వల లాగుతున్నాడు. మంచం ఇనప కమ్మీలకి గాజుగుడ్డతో కట్టేసిన చేతులు రెండూ కట్టు ఇచ్చినంత మేర ఆడుతున్నాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, లేని తాడుని లేని పడవలోకి గుంజుతూ, గుంజినప్పుడల్లా మంచం కిర్రుమంటూ, మణికట్ల దగ్గర చర్మం కమిలిపోయి. కనకదుర్గ ఆ చేతుల్నే చూస్తూ స్టూలు మీద కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఆమెని పాయలోకి వెంట తీసుకెళ్లి, వల ఇంకా నీళ్లలో ఉండగానే బరువుని బట్టి చెప్పేవాడు, ఇది జెల్ల, ఇది పీత, ఇది ఉత్త మడచెట్టు కొమ్మ అని. ఇప్పుడు ఏం తగిలిందో మరి, పళ్లు నూరుతున్నాడు, నల్లగుడ్లు కన్నంతా పరుచుకుని తెల్లగుడ్డు అంచున మాత్రమే మిగిలింది, మొహం కాల్చిన ఇటికలా ఉంది. ఒసేయ్ పట్టుకోవే జారిపోతంది అంటాడు, పట్టుకోబోతే ఆమెని పోల్చుకోక బూతులు తిడతాడు. పొద్దున కట్లు కట్టకముందు కాలెత్తి ఆమె పొట్టలో తన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడు చెయ్యెత్తని మనిషి. గోడకి కొట్టుకుని పడిపోతే సిస్టర్ జెస్సికా వచ్చి లేవదీసింది. అది అతను కాదమ్మా, ఇంజక్షన్ పిచ్చి, విషానికి విరుగుడు ఇస్తే ఇలాగే ఉంటుంది, చెమటా చొంగా ఆగి నోరు ఎండిపోయిందంటే విరుగుడు పనిచేస్తున్నట్టే, మందు దిగినాక ఈ పిచ్చి కూడా దిగిపోద్ది అని చెప్పింది.

దిగిపోద్ది. నిన్నటి నుంచి ఈ పెద్దాసుపత్రిలో అందరి నోటా అదే మాట. దిగితే మనిషి దక్కుతాడు, దిగకపోతే లేదు. విషం ఎక్కడానికి ఎంతసేపు పట్టింది? రెప్పపాటు. మొహాన పడింది, కళ్లలోకి పోయింది, గుండెల మీదుగా లుంగీలోకి కారింది, కాసేపటికే ఇంత లావు మనిషి గట్టు మీద కూలబడి ఒళ్లంతా పీతకాళ్లలా కొట్టుకోవడం మొదలెట్టాడు. పైనా కిందా కట్టలు తెగిపోయాయి, కన్నీళ్లు, చీమిడి, చొంగ, చెమట, ఉచ్చ, అన్నీ ఒక్కసారే. ఒంట్లో ఇంత నీరుంటుందని ఆమెకి తెలియదు. ఆ నీళ్లన్నిట్లో తడుస్తూనే అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, 108 వచ్చేదాకా. ఆ వ్యానులో ఇటు పేరయ్య, అటు ఆ మందు మొహాన పోసినవాడు, మధ్యలో ఆమె. కంకిపాడు దాటుతుండగా వాడు ఆమె కాళ్ల మీద వాంతి చేసుకున్నాడు. కిరసనాయిల్లో వెల్లుల్లి నలిపినట్టు వాసన. కాళ్లు వెనక్కి తీసుకోవడానికి చోటు లేదు.

ఇక్కడా మధ్యలోనే ఉంది. ఒకే బండిలో ఒకే విషంతో వచ్చారని పక్కపక్క మంచాలే ఇచ్చారు. ఎడమచేతి వైపు మొగుడు, కుడిచేతి వైపు హరిబాబు. తల తిప్పకూడదు అనుకుంటుంది, అయినా తిరుగుతుంది. వాడేమంత ఆకారం కాదు. పీల మనిషి, పల్చటి మీసం, మెళ్లో నల్లదారం. రొయ్యల చెరువుల ఆసామికి కాపలామనిషి. రొయ్యపిల్ల పొయ్యడానికి ముందు చెరువులో ఉన్న చేపా పీతా పురుగూ అన్నీ చచ్చేట్టు మందు కలిపించి, ఆ నీళ్లని పాటు వేళ, సముద్రం వెనక్కి లాగేటప్పుడు, తూమెత్తి మురుగుకాలవలోకి వదిలేయిస్తాడు ఆసామి. ఆ కాలవ వచ్చి కలిసేది వీళ్ల పాయలోనే. కిందటి నెల కూడా వదిలారు. అప్పుడు పేరయ్య మర్యాదగానే వెళ్లాడు, ముందుగా ఒక మాట చెబితే వలలు తీసుకుంటాం బాబూ అన్నాడు. సరేనన్నారు. నిన్న తెల్లారి పాయ అంతా తెల్లగా కనిపించింది. పొద్దుటెండకి మెరుస్తుందేమో అనుకుంది ఆమె. దగ్గరికెళితే పొట్టలు. జెల్లలు, పరిగెలు, వేలెడంత పిల్లలు, పొట్ట పైకి పెట్టి, నోళ్లు తెరుచుకుని. మండపీతలు ఒడ్డెక్కి, ఎక్కినచోటే డెక్కలు బిగించుకుని చచ్చిపోయున్నాయి, పట్టుకోవడానికి ఏదీ లేక ఒకదాన్ని ఒకటి పట్టుకుని. ఒక కొంగ ఒక చేపని మింగి, రెక్క వాల్చి, బురదలో మొహం పెట్టేసింది. పేరయ్య తెడ్డు తీసుకుని గట్టెక్కాడు.

ఆమె వెనకే పరిగెత్తింది, పాపని అత్తగారు పోలేరమ్మ చేతిలో పడేసి. తూము దగ్గర హరిబాబు నీలం పీపాలో మందు కలుపుతున్నాడు, రెండో చెరువుకి. పేరయ్య తెడ్డుతో వాడి భుజం మీద కొట్టాడు, ఎముక చప్పుడు ఆమెకి వినబడింది. వాడు తూలి లేచి, చేతికి దొరికిన మూత తీసిన డబ్బా ఎత్తి మందు మొహాన కొట్టాడు. కావాలని కొట్టాడా, అడ్డం పెట్టబోయి ఒలికిందా, నిన్నటి నుంచి ఎన్నిసార్లు చూసుకున్నా ఆమెకి కొట్టినట్టే కనబడుతుంది, డబ్బా మూతి అటే తిరిగి ఉంది, వాడి నోరు వంకర తిరిగి ఉంది. పేరయ్య గుడ్డివాడై కేక పెట్టి, చేతులు చాచి వెతికి వాడి జుట్టు దొరకబుచ్చుకున్నాడు. పీపాలోకి వంచాడు. తెల్లటి నీళ్లు పొంగి పక్కలకి కారాయి. వాడి కాళ్లు గట్టు మట్టిని తన్నుతున్నాయి. పైకి లేపాడు, వాడు ఊపిరి పీల్చేలోగా మళ్లీ ముంచాడు. మళ్లీ. ఒక ఆడగొంతు అరుస్తోంది, ముంచు, ఇంకా ముంచు, లేవనీకు. పాయ అవతలి ఒడ్డు దాకా వినబడేట్టు అరుస్తోంది. ఎవరా అని చూసింది కూడా. గట్టు మీద తనొక్కతే ఉంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి కింది దాకా రావడం లేదు. వడగాడ్పు కిటికీలోంచి రోడ్డు మీది హారన్లని, ఆటోల పొగని మోసుకొస్తోంది. ఎదురు వరుసలో ఎవరి తాలూకు ఆడవాళ్లో పులిహోర పొట్లం విప్పారు, చింతపండు వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే పొద్దున తన్నిన చోటు కలుక్కుమంది. కింద సీసాలోకి పేరయ్య ఉచ్చ సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా దిగుతోంది. అలా వస్తున్నంతసేపూ మంచిదే అంది డాక్టరమ్మ. ధనశ్రీ అంట పేరు, చదువు ఇంకా అయిపోనట్టే ఉంది మొహం, కళ్ల కింద నల్లటి గుంటలు. ఎప్పటికి పోద్దండీ అని కనకదుర్గ అడిగితే మంచం పట్టీ మీద కూర్చుని మరీ చెప్పింది. తోలులోంచి నెత్తుట్లోకి వెళ్లిందట, నెత్తురు ఒళ్లంతా తిప్పిందట, నరాలని పట్టుకుని వదలడం లేదట. కాలేయం దాన్ని ముక్కలు చేస్తుంది, మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపుతాయి. కానీ కొంత వెళ్లి కొవ్వులో దాక్కుంటుంది, తగ్గిందనుకున్నాక మెల్లిగా మళ్లీ నెత్తుట్లోకి వస్తుంది, అందుకే అప్పుడే ఏమీ చెప్పలేను. మీ ఆయనకి ఒంటి మీదే పడింది, బాగా సబ్బు పెట్టి కడిగాం. ఆ పక్కతనికి కడుపులోకే పోయింది. కడుపు కడిగినా పేగుల్లో ఇంకా ఉంటుంది, విడతలు విడతలుగా ఎక్కుతుంది.

కనకదుర్గకి అర్థమైంది. ఆమె పుట్టిందీ పెరిగిందీ నీళ్ల మీద. పెద్దకాలవ, పిల్లకాలవ, బోదె, మురుగు, పాయ, సముద్రం. మనిషి ఒళ్లూ అంతే అన్నమాట, ఒకచోట వదిలితే అన్నిచోట్లకీ పోతుంది, పాటుకి పోయిందనుకున్నది పోటుకి తిరిగొస్తుంది, మడల వేళ్లలో, బురదలో, ఎక్కడో నక్కి ఉంటుంది. వెళ్లబోతూ డాక్టరమ్మ ఆమె జాకెట్టు వైపు చూసి ఆగింది. చంటిబిడ్డ ఉందా? ఉందండీ, నడక రాలేదింకా. మందు నీ ఒంటికీ తగిలింది కదా, పాలల్లోకి కూడా దిగొచ్చు, మేం చెప్పేదాకా బిడ్డకి ఇవ్వకు, పిండి పారబొయ్యి. పిండి పారబోసింది, బాత్రూములో గోడకి తల ఆనించుకుని, రాళ్లలా గట్టిపడిన రొమ్ముల్ని పిడికిళ్లతో నొక్కుకుంటూ. సిమెంటు నేల మీద తెల్లగా పారి జాలీలోకి పోయింది. అది ఇటు నుంచి ఎటు పోద్ది? ఊరి మురుగులోకి, మురుగులోంచి కాలవలోకి, కాలవ వెంట కంకిపాడు, ఉయ్యూరు, చల్లపల్లి, అలా అలా తమ పాయకే. పిల్ల అక్కడ డబ్బాపాలు నోట్లో పెట్టనివ్వక ఏడుస్తోందని పోలేరమ్మ ఫోను. ఆ ఏడుపు వినగానే పాలు మళ్లీ చేపుకొచ్చాయి. ఆ తడి ఇప్పటికీ జాకెట్టు మీద అట్టకట్టి ఉంది. దీనికీ వాడే. నా పిల్ల నోటి కాడిది లాక్కున్నాడు. ఆ పీపాలో ఇంకో క్షణం పట్టుకుని ఉంటే, ఈయన కూలబడి పట్టు జారకుండా ఉంటే.

సిస్టర్ జెస్సికా ట్రాలీ తోసుకుంటూ వచ్చి రెండు మంచాల దగ్గరా నాడి చూసింది. అవతల బస్సు బోల్తా పడిన కేసులు వస్తున్నాయి, నేను పక్క హాల్లో ఉంటాను, మీ ఆయన్ని చూసుకో, ఇతనికి ఎవరూ లేరు, వాళ్లమ్మ బయల్దేరిందంట, అందాకా ఓ కన్నేసి ఉంచు, నోట్లో నురగొచ్చినా గొంతులో గురగుర వినబడినా కేకెయ్యి అంది. వీడు ఎవడో తెలుసా మీకు అని అడగబోయింది కనకదుర్గ. సిస్టర్ అప్పటికే వెళ్లిపోయింది.

మొదట అది పేరయ్య గొంతే అనుకుంది. కాదు, కుడివైపు. ఉడికే గంజి మూతని ఎగదోస్తున్నట్టు, తూములో నీరు ఆగి ఆగి పడుతున్నట్టు. తిరిగి చూడలేదు. చూడకపోయినా తెలుస్తూనే ఉంది, నిన్న వ్యానులో విన్న చప్పుడే. విడతలు విడతలుగా ఎక్కుతుంది. రెండో విడత వచ్చిందన్నమాట. రానీ. కేక వెయ్యాలి. వేస్తాను. ముందు ఈయన తడిగుడ్డ మార్చాలి. తడిగుడ్డ మార్చింది. పేరయ్య పెదాలు పగిలి నెత్తురు చిమ్మిన చోట నీళ్లు అద్దింది, ఆ మనిషి ఆమె వేళ్లని నాలికతో నెట్టేశాడు. గురగుర పెరిగింది. ఎంతసేపు పడుతుంది మనిషి పోవడానికి? చేపకైతే ఎక్కువసేపు పట్టదు, నోరు తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది, మొప్పలు ఎర్రగా విచ్చుకుంటాయి. పాయలో అన్ని నోళ్లు తెరుచుకున్నప్పుడు ఎవరికి వినబడింది? వీడు తూమెత్తి, గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుని ఉంటాడు. చావనీ. వాడి చొంగలో వాడే మునిగి చావనీ. పీపాలో సగంలో ఆగిన పని ఇక్కడ మంచం మీద పూర్తి కానీ, ఎవరూ చెయ్యి వెయ్యక్కర్లేదు, ఈ స్టూలు మీంచి లేవకుండా ఉంటే చాలు. మొగుడి జబ్బ మీద ఆమె వేళ్లు బిగిశాయి. గోళ్లు దిగినా ఆయనకి తెలియడం లేదు, వల లాగుతూనే ఉన్నాడు. తెడ్డు ఉంటే నేనే. ఆ నోట్లో మందు నేనే పోసేదాన్ని. ఆ పల్చటి మీసం మీద కాలు పెట్టి.

ఎప్పుడు తల తిప్పిందో తెలియదు. హరిబాబు కళ్లు తెరిచి ఉన్నాయి. నల్లగుడ్లు సూదిమొన అంతకి కుంచించుకుపోయి, ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి, వాటిలోంచి ఏమైనా కనిపిస్తోందో లేదో. నోటి మూలల నుంచి నురగ పొంగి చెవి దాకా పారుతోంది. తల ఎత్తాలని చూస్తున్నాడు, మెడ నరాలు తాళ్లలా లేచాయి కానీ తల దిండు మీంచి కదల్లేదు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆమెని చూశాడు. సాయం చెయ్యమని కాదు. భయపడ్డాడు. ఎవరో గుర్తుపట్టి, ఆమె దగ్గరికి రాకుండా తప్పుకోవాలని, గోడ వైపు జరగాలని, జరగలేక.

ఆ చూపుకి ఆమెకి ఇంకా కోపం వచ్చింది. నన్ను చూసి భయపడతావా, నేనా నిన్ను చంపేది. లేచింది. స్టూలు వెనక్కి పడిపోయింది. వాడి భుజం పట్టి గుంజి పక్కకి దొర్లించింది, నిన్న తెడ్డు దెబ్బ పడిన భుజమే, వాడు మూలిగాడు, నురగ బళ్లున నేల మీదికి పడింది. ఇంకా గురగుర. వేళ్లు నోట్లో దూర్చి, చేప గొంతులో ఇరుక్కున్న గాలం తీసినట్టు లోపలి దాకా పోనిచ్చి, జిగటని తోడి పారేసింది. వాడి దవడ బిగిసింది. రెండు వేళ్లు ఎముక దాకా తెగినంత నొప్పి. వదలరా, వదులు. వదల్లేదు, వాడి చేతిలో లేదది. రెండో చేత్తో లెంపకాయ కొట్టింది. ఇంకోటి కొట్టింది. మొహం అటూ ఇటూ ఊగింది. కొట్టేది వదిలించుకోవడానికా, కొట్టాలనే కొడుతోందా, ఆమెకి తెలియదు, చెయ్యి ఆగడం లేదు, దెబ్బ దెబ్బకీ లోపల ఏదో తెగిపడుతోంది. "ఊపిరి తీసుకో," అంటోంది పళ్ల బిగువున, "తీసుకోరా, నిన్న నా మొగుడి చేతిలో చావలేదు, ఇవ్వాళ నా ముందర చస్తావా, తియ్యి." దవడ వదులైంది. ఈల వేసినట్టు సన్నగా ఒక్క ఊపిరి లోపలికి పోయింది. అప్పుడు అరిచింది. సిస్టర్ అని అరిచింది, పక్క హాలు దాకా, మెట్ల దాకా. అదే గొంతు, గట్టు మీద అరిచినదే.

తర్వాత మంచం చుట్టూ మనుషులు మూగారు, ఆమెని అవతలికి నెట్టేశారు. గొంతులోకి గొట్టం దించారు, నురగని మిషనుతో లాగేశారు, ఇంజక్షన్లు ఒకదాని వెనక ఒకటి పొడిచారు. డాక్టరమ్మ ధనశ్రీ చెమటలు కక్కుతూ రబ్బరు తిత్తి నొక్కుతోంది. కనకదుర్గ గోడకి ఆనుకుని నిలబడింది, వేళ్ల నుంచి నెత్తురు పాదం మీద పడుతుంటే. నిన్న కేసు రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబులు చెప్పిన మాట అప్పుడు తట్టింది, వాడు పోతే మీ ఆయన మీద హత్య కేసమ్మా, దేవుడికి దండం పెట్టుకో అన్నాడు. స్టూలు మీద కూర్చున్నంతసేపూ ఆ మాట గుర్తే రాలేదు. అందుకోసం లేవలేదు తను. మరి ఎందుకు లేచిందో తనకే తెలియదు. జాలి మాత్రం కాదు, జాలి కోసం లోపల ఎంత వెతికినా దొరకలేదు. వాడి మీద కోపం ఇప్పటికీ అంతే ఉంది, గుక్కెడు కూడా తగ్గలేదు.  పేరయ్య ఇటు తిరిగి, పడిందా, ఏం పడింది అని అడుగుతున్నాడు. ఏమో అంది.

గాలి మిషను తగిలించి మనుషులు పలచబడ్డాక ఒక పెద్దావిడ వార్డులోకి వచ్చింది, నలిగిన నేతచీర, చేతిలో బట్టలసంచి, ప్రతి మంచం దగ్గరా ఆగి మొహం చూస్తూ. హరిబాబు దగ్గర ఆగిపోయింది. ఏడవలేదు. వాడి పాదాలు రెండూ పట్టుకుని నిలబడింది. సిస్టర్ జెస్సికా ఆమెతో మెల్లగా ఏదో చెప్పి, కనకదుర్గ వైపు చూపించింది. హరిబాబు తల్లి చౌడేశ్వరమ్మ వచ్చి కనకదుర్గ చెయ్యి ఎత్తి చూసింది, పంటిగాట్లు పడిన రెండు వేళ్లూ ఉబ్బిపోయి ఉన్నాయి. నోట్లో చెయ్యి పెట్టావంటగా తల్లీ, వాడి ఉమ్ములో ఆ మందే ఉంటదంట, ఇట్టా ఉంచుకున్నావేంటి, పద కడుగుదాం అంటూ, కాదనే లోపే కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. సంచిలోంచి సబ్బుముక్క తీసింది. ఆవిడ వేళ్లు గట్టిగా, సన్నగా ఉన్నాయి. నురగ పట్టిస్తూ మాట్లాడుతూనే ఉంది, ఎవరో ఒకరు వినాలన్నట్టు. మగ్గం కూడెట్టక మగ్గపు గుంట పూడ్చేశామని, పడుగు దారం తెగితే చెయ్యి వణికే పిల్లాడు చెరువుల మీదికి పోతానంటే ఒప్పుకున్నది తనేనని, చీమని కూడా చంపలేడని. సబ్బు మండింది. కనకదుర్గ నేల చూస్తూ నిలబడింది.

"ఎవరో విషం పీపాలో ముంచారంటమ్మా. ఆళ్లు దొరికారా, నీకేమన్నా తెలుసా?"

తెలియదు అనొచ్చు. తల ఊపినా సరిపోతుంది. "దొరికారండి. ఆ పక్క మంచం మీదున్నాడు. మా ఆయనే."

సబ్బు రుద్దే చెయ్యి ఆగింది.

"మీవాడు మా పాయలో మందు వదిలాడండి. ఆయన మొహాన కొట్టాడు." అక్కడితో ఆపేయొచ్చు. అది నిజమే. "ముంచమని అరిచింది నేను. చచ్చేదాకా ముంచమన్నాను."

చౌడేశ్వరమ్మ పట్టుకున్న చెయ్యి వదల్లేదు, వదలకపోగా బిగించింది. బిగించి, బిగించి, గోళ్లు సరిగ్గా ఆ పంటిగాట్లలోకే దింపింది, ఆవిడ మొహంలో కండ ఒక్కటీ కదలకుండా. ఆగిన నెత్తురు మళ్లీ చిమ్మి సబ్బునురగ ఎర్రబడింది. నొప్పి మోచెయ్యి దాటి భుజం దాకా పాకింది. కనకదుర్గ చెయ్యి లాక్కోలేదు.  కుళాయి ఊరికే పారుతోంది, వెనక బిందె పట్టుకున్న మనిషెవరో తొందరగా కానివ్వండమ్మా అన్నారు. చాలాసేపటికి ముసలావిడ గోళ్లు వెనక్కి వచ్చాయి. చెయ్యి మాత్రం వదల్లేదు. రెండో చేత్తో, జారిపోయిన సబ్బుముక్క కోసం తొట్టిలో తడుముకుంది.